మందెచ్చులోళ్లు లేని పది గోత్రాలు

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి వెళ్లే బస్సులో బైబిల్ చదువుకుంటున్నాను. పక్క సీట్లోని గొల్ల అవ్వ, "ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అంది. ఇశ్రాయేలులో పది గోత్రాలు చెదిరి తప్పిపోయాయనీ, కాపరి మందను మళ్లేసినట్టు దేవుడు వాళ్లను వెనక్కి తెస్తాడని ప్రవక్తలు అన్నారనీ చెప్పాను.

"ఆళ్లకు మందెచ్చులోళ్లు లేరా?" అని అవ్వ ఆశ్చర్యపోయింది.

మందెచ్చులవాళ్లు ఊరూరా తిరిగి గొల్లల వంశాలు పాడతారట.

"నా కొడుకు బొగ్గుబాయి క్వార్టర్ల ఉంటే గాడికి సుత ఎతుక్కుంట వచ్చిండ్రు. ఏడు తరాల పేర్లు జెప్పి గొర్రెపిల్లను పట్టుకపోయిండ్రు. ఇగ మేమెట్ల తప్పిపోతం? నీ ముత్తాత పేరేంది?"

గుంటూరు నుంచి వచ్చిన నేను ఎంత ఆలోచించినా తాత పేరు దాటలేకపోయాను.

అవ్వ పకపకా నవ్వింది. "అయితే పదకొండోది నీదే బిడ్డా!"