కరెంటాయన చెల్లెలి వ్యాను

ఆ పేటలో ఆయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరుతో ఎవరికీ పనిపడలేదు. కార్లకూ వ్యాన్లకూ వైరింగు పని చేస్తాడు కాబట్టి కరెంటాయన. ఆయన భార్య కరెంటాయన భార్య, ఆయన చెల్లెలు కరెంటాయన చెల్లెలు. ఆ చెల్లెలు స్కూలు పిల్లల్ని వ్యానులో తిప్పుతుంది.

ఆమె భర్త పోయినప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళంతా తలో సలహా ఇచ్చి వెళ్ళారు. అన్న మాత్రం ఎక్కడో తుక్కులో పడి ఉన్న వ్యానును తెచ్చి, రాత్రీ పగలూ కూర్చుని బాగుచేసి, ఆమె వాకిట్లో నిలబెట్టాడు. ఖాళీ మైదానంలోకి తీసుకెళ్ళి నడపడం నేర్పాడు. "బండి నీ మాట వినట్లేదని కంగారుపడకు. అది చెప్పేది నువ్వు విను" అన్నాడు. "ఉన్నన్నాళ్ళూ మా ఆయనే నా మాట వినలేదు, బండేం వింటుందిలే అన్నయ్యా" అంది ఆమె. అన్నాక ఇద్దరూ నవ్వారు. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

స్టార్టు చేస్తే దగ్గుతుంది కాబట్టి పిల్లలు ఆ వ్యానుకు ముసలమ్మ అని పేరు పెట్టారు.

కరెంటాయన పనిలో నెమ్మది, మాటలో దురుసు. ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, దాని బదులు లావుపాటి తీగ పెట్టేయమని ఎవరైనా అడిగారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. "ఫ్యూజు ఊరికే పోదయ్యా. బండికి రావలసిన చావు తను చస్తుంది. ఏడ్చే పిల్ల నోట్లో గుడ్డలు కుక్కితే కడుపునొప్పి తగ్గుతుందా? ఇంకో షెడ్డు చూసుకో" అని పంపేసేవాడు. అలా తిట్లు తిని వెళ్ళినవాళ్ళే మళ్ళీ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఒక వానాకాలం ముసలమ్మకు వెనక లైట్లు వెలగడం మానేశాయి. చూస్తే ఫ్యూజు మాడిపోయి ఉంది. అన్న కొత్తది వేశాడు. నాలుగు రోజులు బాగానే ఉండి అదీ పోయింది. మళ్ళీ వేశాడు. ఈసారి సాయంత్రానికే పోయింది.

ఆమె వెళ్ళినప్పుడల్లా అన్న ఎడమవైపు వెనక లైటు విప్పేవాడు. బల్బు తీసి, దుమ్ము ఊది, ఆకాశానికి పెట్టి చూసి, మళ్ళీ బిగించేవాడు. తర్వాత ఏం చేయాలో ఆలోచిస్తున్నట్టు స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడిపోయేవాడు.

"అది నిన్న చూశావు కదన్నయ్యా."

"చూశానా? ఇంకోసారి చూస్తే అరిగిపోతుందా?"

ఆమె నవ్వింది. షెడ్డు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలో నిలబడ్డ వదినా నవ్వింది, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువగానే.

చివరికి ఒకరోజు అన్న చేతులు తుడుచుకుంటూ, "ఇక పోదు. ధీమాగా వెళ్ళు" అన్నాడు. నిజంగానే పోలేదు. "మా అన్నయ్య చెయ్యి పడితే ఇంతే" అని ఆమె పిల్లల తల్లులందరితో చెప్పుకుంది.

ఆ నెలలోనే ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం, సంచులు పట్టక వెనక తలుపు ఎత్తి కట్టి, లైట్లు వేసుకుని పిల్లల్ని దింపడానికి వెళ్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. బయటి నుంచేమో అనుకుంది. అంతలో స్టీరింగు కింద నుంచి సన్నగా పొగ లేచింది. వ్యానును పక్కకు లాగి ఆపి, పిల్లల్ని ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దింపి, దూరంగా గోడవారన నిలబెట్టింది. పరుగున వచ్చి బ్యాటరీ తీగ ఊడబీకింది. పొగ తగ్గింది.

"ముసలమ్మకు జ్వరమొచ్చిందా ఆంటీ?" అని ఒక చిన్నపిల్ల అడిగింది.

"అవునమ్మా, తగ్గిపోతుంది" అంటూనే ఆమె రోడ్డు మీద చతికిలబడింది.

పిల్లల్ని వేరే బళ్ళలో పంపాక ఫ్యూజుల పెట్టె తెరిచి చూసింది. ఫ్యూజు ఉండవలసిన చోట లావుపాటి రాగి తీగ ఉంది. రెండు కొసలూ లోపలికి తిప్పి, పట్టుకారుతో నొక్కి, ముచ్చటగా మడిచిన తీగ. ఆ మడత ఎవరి చేతిదో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

తీగను గుప్పెట్లో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. దారి పొడుగునా అనవలసిన మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. అన్న ఆ తీగను చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"ఏ వెధవ పెట్టాడిది? పిల్లలెక్కే బండిలోనా? నా దగ్గరికి తేకుండా ఎవడికి చూపించావు? వాడెవడో చెప్పు, ఇప్పుడే వెళ్ళి అడుగుతా."

నటన కాదు. ఆయన అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నాడు. కూడబలుక్కున్న మాటలు వదిలేసి ఆమె వదిన వైపు చూసింది. వదిన నేలచూపులు చూస్తోంది.

వదినతో పాటు ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

"ఎప్పటినుంచి వదినా?"

"పోయినేడాది నుంచే అమ్మాయ్. ఓరోజు బజారుకు వెళ్ళి ఇంటికి దారి మరిచిపోయారు. ఎవరో తీసుకొచ్చి దింపారు. ఆ తర్వాత షెడ్డులో ఆయన పక్కనే నిలబడుతున్నా. ఏది ఎక్కడ పెట్టారో అందిస్తూ, ఏం చేయబోయారో గుర్తుచేస్తూ. నీ బండి దగ్గర మాత్రం నిలబడలేదు. నీ బండి విషయంలో ఆయన చెయ్యి తప్పదనుకున్నా."

"నాకో మాట చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు బండి తేవడం మానేస్తావు. నువ్వు మానేస్తే ఆయనకు తెలిసిపోతుంది."

ఆమెకు వదిన మీద కోపం వచ్చింది. గోడవారన నిలబడ్డ పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. కానీ పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా నిలబడ్డ ఆ మనిషిని ఏమంటుంది? తనే వెళ్ళి పొయ్యి ఆర్పింది.

డాక్టరు పరీక్షలు చేసి, ఇది మతిమరుపు జబ్బే, ముదరడమే తప్ప వెనక్కి తగ్గదన్నాడు. వదిన షెడ్డుకు తాళం వేసింది. కరెంటాయన మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, మూసిన తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఎవరైనా బండి ఆపి పలకరిస్తే, "తాళంచెవి మా అన్న తెస్తున్నాడు" అనేవాడు. ఆయనకు అన్న లేడు.

కాలిన తీగలను ఇంకో షెడ్డులో మార్పించింది చెల్లెలు. అసలు తప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కొత్త ఫ్యూజూ పోయింది. "పాత బండమ్మా, అమ్మేసుకో" అన్నారు అక్కడివాళ్ళు. ఆమె ఒక ఆదివారం ముసలమ్మను అన్న షెడ్డు ముందుకే తెచ్చి ఆపింది. వదినను అడిగి తాళం తీయించింది.

అన్న చెప్పగా విన్నదొకటి ఆమెకు గుర్తుంది. ఫ్యూజులు వరసగా బలిపెట్టకుండా, దాని చోట ఒక బల్బు తగిలించాలి. మిగతా లైట్లన్నీ తీసేశాక కూడా ఆ బల్బు భగ్గుమని వెలిగిందంటే, తీగ ఎక్కడో ఒలిచిపోయి బండి రేకుకు తగులుతున్నట్టు. ఆ చోటు దొరికి సరిచేస్తే బల్బు ఆరిపోతుంది.

అలాగే, పొడుగు తీగలతో ఒక బల్బు తగిలించి, వ్యాను వెనక నుంచి కనిపించేలా వేలాడదీసింది. వెనక లైట్ల బల్బులన్నీ తీసి, లైట్ల స్విచ్చు వేసి, ముందు నుంచి తీగ వెంబడి కదిలించుకుంటూ వెళ్ళింది. బల్బు వెలగలేదు. వంగి వంగి నడుము పట్టేసింది. అన్న స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు, పక్కింటి పని చూసినట్టు. ఇక లాభం లేదనుకుని, పనిముట్లు సర్దడానికి వెనక తలుపు ఎత్తింది.

బల్బు వెలిగింది.

తలుపు దించింది, ఆరింది. ఎత్తింది, వెలిగింది. తలుపు బందు దగ్గర, నంబరు ప్లేటు లైటుకు వెళ్ళే సన్నని తీగ ఏళ్ళ తరబడి నలిగి పైతొడుగు పోగొట్టుకుంది. పిల్లల సంచుల కోసం వెనక తలుపు ఎత్తిన రోజునే ఫ్యూజు పోయేదని ఇప్పుడు తెలిసింది.

"వెలిగింది" అన్నాడు అన్న. స్టూలు మీద నుంచి లేచి బల్బు దగ్గరికి వచ్చాడు. ఆ వెలుగులో ఆయన ముఖం ఎంత విప్పారిందంటే, ఆమె తలుపును ఎత్తి పట్టుకుని అలాగే కాసేపు నిలబడింది. చివరికి తలుపుకు కర్ర పోటు పెట్టి, బ్యాటరీ తీగ తప్పించి, ఒలిచిన చోట టేపు చుట్టింది. తీగను రేకుకు దూరంగా కట్టి, బ్యాటరీ మళ్ళీ కలిపింది. తలుపు ఎత్తే ఉంది. బల్బు వెలగలేదు.

"ఎందుకు ఆర్పేశావమ్మా?" అన్నాడాయన. గొంతులో బాధ ఉంది.

"అది ఆరితేనే బాగైనట్టు అన్నయ్యా. నువ్వే కదా చెప్పావు."

"నేనా?" అని ఆయన ఆరిన బల్బు వైపే చూశాడు. "బాగుండింది, వెలుగుతుంటే."

ఆమె షెడ్డు మూల ఉన్న పాత బ్యాటరీని బరబరా లాక్కొచ్చి, బల్బును దానికి తగిలించి, అన్నను మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టింది. తీసిన బల్బులు బిగించి, కొత్త ఫ్యూజు వేసి, వెనక తలుపు పదేపదే ఎత్తి దించింది. లైట్లు నిలిచాయి. ఎన్ని వారాలుగానో తిప్పలుపెట్టిన తప్పు దొరికింది. దొరికిందని చెప్పుకోవలసిన మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు.

వదిన వచ్చి, "దొరికిందా?" అంది.

"దొరికింది వదినా."

ఆయన అరచేతులు రెండూ బల్బు చుట్టూ అడ్డుపెట్టుకుని, గాలికి ఆరిపోతుందేమోనన్నట్టు కాపాడుకుంటున్నాడు. బ్యాటరీలో ఉన్నది కొంచెమే. వెలుగు ఎర్రబడుతోంది. ఆడవాళ్ళిద్దరూ వ్యానుకు ఆనుకుని, అది పూర్తిగా పోయేదాకా నిలబడ్డారు.