తాగింది ఆయన, ఊదింది నేను

అప్పట్లో ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, పొద్దున్నే కార్లో కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలుబ్బించి ఊదే పిల్ల ఒకత్తి ఉండేది. అది నేనే. పులిసిన మజ్జిగ కంటే ఘాటైనది జన్మలో తాగి ఎరగను! తాగింది మా ఆయన. ఎవరిదో గృహప్రవేశం. పొద్దున సత్యనారాయణ వ్రతం, సాయంత్రం గరాజ్‌లో సీసాలు (మనవాళ్ళకి రెండూ ఒకే ముహూర్తానికి కుదురుతాయి). నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. ఫ్రెండ్ డ్రాప్ చేస్తానన్నా వినకుండా, "దగ్గరేగా" అని మహానుభావుడు స్టీరింగ్ పట్టుకున్నాడు. హైవే ఎక్కగానే పోలీసులు పట్టుకున్నారు.

లైసెన్స్ సస్పెండ్ చేశారు. కొన్నాళ్ళకి ఒక షరతు మీద తిరిగిచ్చారు. కార్లో మిషన్ పెట్టించుకోవాలి, అందులో ఊదితేనే ఇంజన్ స్టార్టవుతుంది, తాగి ఊదితే ఫెయిల్ అంటుంది, ఆ ఫెయిల్ రిపోర్ట్ పైకి వెళ్తుంది. ఆ కార్ ఎవరు నడిపినా ఊదాల్సిందే. మాకున్నది ఒక్కటే కార్. పైగా ఊదేటప్పుడు కెమెరా మన మొహం ఫొటో తీస్తుంది. నా పెళ్ళి ఆల్బంలో కూడా అన్ని ఫొటోల్లేవు! స్టార్ట్ చేస్తే అయిపోదు, దారిలో కూడా ఉన్నట్టుండి కుయ్యిమని అరుస్తుంది, మళ్ళీ ఊదాలి. ఇండియన్ స్టోర్స్ ముందు సిగ్నల్ దగ్గర ఊదుతుంటే పక్క కార్లో తెలిసినావిడ కళ్ళు ఇంతింత చేసుకుని చూసేది. నా ఖర్మ!

అంతకంటే ఒళ్ళు మండించేది ఆయన ఫ్రెండ్స్. వీకెండ్ వస్తే చాలు, పరామర్శకి దిగేవాళ్ళు. "బ్యాడ్ లక్ బ్రో." "లోపల రోడ్లో వచ్చుంటే దొరికేవాడివి కాదు రా." నేను పకోడీల ప్లేటు దబ్బున టేబుల్ మీద పెట్టి, "దొరికినందుకా మీ ఏడుపు?" అనేదాన్ని. "సిస్టర్ బాగా హర్ట్ అయ్యారు" అని గొణుక్కుంటూ అవే పకోడీలు తినేవాళ్ళు, సిగ్గులేని మనుషులు.

ఇంతలో మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆ గొట్టమేంట్రా అంటే, "పొల్యూషన్ చెకింగమ్మా, ఇక్కడ రూల్" అన్నాడు ఆయన, కళ్ళార్పకుండా. "ఎంత శుభ్రమైన దేశం!" అని ఆవిడ మురిసిపోయారు. నేను పళ్ళు నూరుకున్నాను.

అప్పుడే నాకు ఇంటర్వ్యూ వచ్చింది. డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి వంటింట్లో కూర్చుని, చివరికి వర్క్ పర్మిట్ చేతికొచ్చాక, లాస్ కొలీనాస్‌లో నన్ను పిలిచిన మొదటి ఆఫీసు. ఆ ఉద్యోగం నాకు కావాలి. నా డబ్బుతో నా పేరు మీద ఓ కార్ కొనుక్కుని, ఊదకుండా నడపాలి. అంతే నా ఆశయం.

ఆ పొద్దున అత్తయ్యగారు ఎదురొస్తానని పార్కింగ్ దాకా దిగొచ్చారు. "మొహం పీక్కుపోయింది, ఇది పుచ్చుకో" అని ఊరి నుంచి తెచ్చుకున్న ద్రాక్షారిష్టం మూత నిండా పోసి ఇచ్చారు. గుటుక్కున మింగాను. ఆవిడ నాలుగడుగులు వెనక్కెళ్ళి, నవ్వుతూ ఎదురొచ్చారు. నేను దేవుణ్ణి తలుచుకుని ఊదాను.

ఫెయిల్!

అరిష్టం పులియబెట్టిన మందని, అందులో ఆల్కహాల్ ఉంటుందని నాకు తట్టనే లేదు. కార్ కదలదు. ఇంటర్వ్యూ టైమ్ ముంచుకొస్తోంది. "పొగ ఎక్కువొచ్చిందా అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు అమాయకంగా. ఇంక ఆగలేకపోయాను. "పొగా లేదు, పొల్యూషనూ లేదు! మీ అబ్బాయి తాగి కార్ నడిపి పోలీసులకి దొరికాడు. అందుకూ ఈ దిక్కుమాలిన గొట్టం!" అని అరిచేశాను. పైన బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ కూడా ఆగిపోయింది.

అత్తయ్యగారి చేతిలో మూత కింద పడిపోయింది. "ఎవరికీ ఏం కాలేదు కదా?" అన్నారు.

లేదన్నాను. ఆవిడ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. తర్వాత లేచి, "ఒరేయ్!" అని ఒక్క కేక పెట్టి మెట్లెక్కారు. పైన ఏం జరిగిందో నాకు తెలీదు, చెంప ఛెళ్ళుమన్న చప్పుడు మాత్రం వినపడింది. నేను నీళ్ళతో పుక్కిలించి, పుక్కిలించి, లాకైపోయిన మిషన్ మళ్ళీ ఊదమని పిలిచేదాకా కాసుక్కూర్చుని ఊదితే అప్పటికి పాసైంది.

వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగా నవ్వి, మేనేజర్ వేరే మీటింగ్‌కి వెళ్ళారంది. ఆ ఉద్యోగం అంతే.

కార్లోకొచ్చి భోరుమని ఏడ్చాను. ఇంటికెళ్ళాలన్నా ఊదాలి కదా! వెక్కుతూ ఊదాను. గాలి చాలలేదంది. మళ్ళీ ఊదాను. మళ్ళీ చాలలేదంది. దాని ముందు ఏడవడానికి కూడా వీల్లేదు.

ఇప్పుడు నాకో ఉద్యోగముంది, నా కార్ నాకుంది, ఆ కోపం కూడా అలాగే ఉంది. కానీ ఆ పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది. చున్నీతో ముక్కు చీదుకుని, మొగుణ్ణీ మిషన్‌నీ కలిపి ఒక్క తిట్టు తిట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని ఊదింది. స్టార్టయింది.