అరిచే బాతులే కావాలి

మగ్గాలు అమ్మేశాక మా ఆయనకు ప్రశాంతత కావాలని అందరూ అన్నారు. నేనూ అదే నమ్మాను.

నగరిలో మా ఇల్లు వీధి చివర ఉంటుంది. వెనక ప్రహరీ దాటితే వరి పొలాలు. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి మరమగ్గాల చప్పుడులోనే వంట చేశాను, పిల్లల్ని నిద్రపుచ్చాను, దీపం పెట్టాను. ఆ చప్పుడులో మాటలు సాగవు. చేత్తో సైగ, పెదవుల కదలిక, అంతే మా కాపురం. మగ్గాలు ఎక్కించుకున్న లారీ వీధి మలుపు తిరిగాక ఆయన ఖాళీ షెడ్డులో నిలబడి, పనిలో ఉన్నప్పటిలాగే బొటనవేలు నోటి దగ్గర పెట్టి నీళ్లు తెమ్మని సైగ చేశారు. నేను తలూపి తెచ్చాను. చప్పుడు పోయిందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆయన చెవులు అప్పటికే దెబ్బతిన్నాయి. బండ చప్పుళ్లు వినపడతాయి, సన్నవి పోయాయి అన్నాడు డాక్టరు. ఉరుము, లారీ, మృదంగం మిగిలాయి. ఇత్తడి తాళాలు, పిచ్చుకలు, ప్రెషర్ కుక్కరు ఈల పోయాయి. నా గొంతు ఏ వైపుకు చెందుతుందని డాక్టరును అడగలేదు. నాది సన్నని గొంతు.

శనివారం భజన గోష్ఠిలో పాదం ఎత్తేది ఆయనే. ఆయన ఎత్తితే మగవాళ్లు అందుకునేవారు, ఆ వెంటనే ఆడవాళ్ల వరుసకు నేను అందించేదాన్ని. పెళ్లిచూపుల్లో ఆయన మొహం నేను సరిగా చూడలేదు. గొంతు ముందే తెలుసు, దానికే ఒప్పుకున్నాను. అలాంటి మనిషి ఒక శనివారం తాళం తప్పారు. మళ్లీ ఎత్తారు, మళ్లీ తప్పారు. వెనక కూర్చున్న కుర్రవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన తాళాలు స్వామి ముందు పెట్టి, చేతులు జోడించి, ఇంటికి వచ్చేశారు. మళ్లీ మందిరం గడప తొక్కలేదు. ఇంట్లో కూడా నామం పైకి పలకడం మానేశారు.

నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణమని చిన్నప్పటి నుంచి పురాణ కాలక్షేపంలో వింటూ పెరిగినదాన్ని. పురాణం చెప్పే స్వామిని అడిగాను, చెవులు పోయినవాడికి మొదటి మెట్టేదని. మనసులో స్మరణ చేసుకోమన్నారు. అది నిజమే. కాని నాకు కావలసింది ఆయన మోక్షం కాదు అప్పుడు. ఆయన గొంతు కావాలి. దేవుడి ముందు కూర్చుని కూడా అదే అడిగేదాన్ని. నువ్విచ్చిన గొంతే, నువ్వే పుచ్చుకోవాలనుకుంటే నేనెవర్ని, కాని ఒక్కసారి మళ్లీ వినిపించు స్వామీ అని.

ఖాళీగా కూర్చున్న మనిషికి ఏదైనా పని కల్పించమని పక్కింటి వదిన చెప్పింది. పెరట్లో ఎప్పుడూ చెమ్మ, నత్తలు. కోళ్లకు జబ్బులొస్తున్నాయి. బాతులైతే ఆ నేలకు సరిపోతాయని నాకే తోచింది. సత్యవేడు సంతలో ఒకతను గంపల్లో పెట్టుకుని అమ్ముతుంటే అడిగాను.

"గుడ్లు గావాలంటే ఖాకీ క్యాంబెల్ తీసుకోమ్మా. కూరకైతే ఈ తెల్లవి, పెకిన్ అంటారు. ఇంట్లో అణకువగా పడుండాలంటే మణిలా," అన్నాడు. మణిలా అంటే మొహం మీద ఎర్రటి బుడిపెలుండే పెద్ద బాతు.

"అది అరవదా?"

"గొంతే లేదు దానికి. బుస్సంటాది, అంతే. పసిబిడ్డ నిద్రపోతా ఉన్నా లెయ్యదు."

ప్రశాంతత కోసమే కదా అని ఒక మగదాన్నీ రెండు ఆడవాటినీ తెచ్చాను. మంచి జాతి అవి. గుడ్లను అవే పొదుగుతాయి, గోడెక్కి కూర్చుంటాయి, దేనికీ రచ్చ చెయ్యవు. ఆయన తవుడు కలిపి పెట్టేవారు. అవి మెడలు ముందుకీ వెనక్కీ ఊపుతూ తినేవి. ఆయన చూస్తూ కూర్చునేవారు. ఒక ఇంట్లో ఇన్ని ప్రాణులుండి ఇంత నిశ్శబ్దమా అని నేను వంటింట్లో గిన్నెలు కావాలనే గట్టిగా పెట్టేదాన్ని.

ఆ మాఘంలో కోతలయ్యాక తమిళనాడు వైపు నుంచి బాతుల మంద వచ్చి మా వెనక పొలంలో దిగింది. ఏటా వస్తారు వాళ్లు, రాలిన గింజలు మేపుకోవడానికి. మగ్గాలున్నన్నాళ్లూ మేం వాటి అరుపు ఎరగం. ఆయన అన్నం తింటున్నారు. చెయ్యి ఆగిపోయింది.

"మ్మే, ఏందది?" అన్నారు. సైగ కాదు, నోటితో.

నేను బాతులని పెదవులతో చెప్పాను. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి ప్రహరీ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. పొలం నిండా గోధుమరంగు బాతులు, ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా తిరిగి, ఒక్కసారిగా అరుస్తున్నాయి.

"అరస్తా ఉండాయి," అన్నారు. కాసేపయ్యాక, "నాకు ఇనపడతా ఉండాది," అన్నారు. నాతో కాదు, గోడతో అన్నట్టు.

మర్నాడు నేనొక్కదాన్నే గట్ల మీదుగా మంద దగ్గరకు వెళ్లాను. కాపరి పొడవాటి వెదురు కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడి ఉన్నాడు. నాకు నాలుగు బాతులు కావాలి, మందలో అన్నిటికంటే గట్టిగా అరిచేవి కావాలి అన్నాను.

అతను నవ్వాడు. "గుడ్లు ఎన్ని పెడతాదని అడుగుతారు యెవురైనా. నువ్వేందక్కా, అరిచేదాన్ని అడుగుతా ఉండావు?"

"గుడ్లు పెట్టకపోయినా పరవాలేదప్పా. అరస్తే సాలు."

"అట్లాంటిదాన్ని యాడ వదిలించుకుందామా అని నేను సూస్తా ఉంటే!"

"మా ఇంటాయనకు చెవులు సరిగా ఇనపడవు," అన్నాను. "మీ బాతులు ఇనపడినాయి."

నవ్వు ఆపేశాడు. కర్రతో కొన్నిటిని పక్కకు తోలి, చప్పట్లు కొట్టి, తల వంచి విన్నాడు. కూరగాయలు ఏరినట్టు కాదు, మృదంగం మూతను వేలితో తట్టి చూసినట్టు విన్నాడు. "తోక మీద ఈక సుట్ట సుట్టుకోనుంటే అది మొగది. దానికి గొంతు బొంగురు, లోపలే గురగురమంటాది. అరిచేదంతా ఆడదే."

"మా ఇంట్లో తిరగబడి ఉండాదిలే," అన్నాను.

మూడు ఆడవీ ఒక మగదీ మెడ దగ్గర పట్టి ఎత్తి గంపలో వేశాడు. కాళ్లు పట్టి ఎప్పుడూ ఎత్తొద్దన్నాడు, కాళ్లు బలహీనమట. "ఈదను సెరువు వద్దు. ముక్కూ కండ్లూ మునిగేంత నీళ్లుంటే సాలు. పొడి తవుడు పెట్టద్దు, గొంతు పట్టేస్తాది. ఇంగొకటి, ఇయ్యి పొదగవు. పెట్టిన గుడ్డును తిరిగి గూడా సూడవు."

"పొదిగేది మా ఇంట్లో ఉండాది," అన్నాను.

నీళ్ల సంగతి ఆయనే తేల్చారు. షెడ్డు వెనక వసారాలో మా మామ చేమగ్గం గుంట ఉంది, మామ కాళ్లు పెట్టుకుని నేసిన గుంట. మీద బండ పరిచి వదిలేశాం. ఆయన ఆ బండను పారతో లేపి పక్కకు జరిపి, గుంటకు సిమెంటు పూసి, ఆరాక నీళ్లు నింపారు. ఒక్కో బాతూ తల ముంచి, కళ్లు కడుక్కుని, నీళ్లు వీపు మీద చల్లుకుని అరిచింది. రేకుల కప్పు కింద ఆ అరుపు మారుమోగింది. ఆయన గుంట గట్టున కూర్చున్నారు, చాలాసేపు.

వదిన గోడ మీదుగా తొంగిచూసింది. "వదినా, మా ఇంట్లో టీవీ ఇనపడలేదు."

"మగ్గాలాడినప్పుడు ఇనపడిందా?"

"అప్పుడు మా ఇంట్లోనూ మగ్గాలే గదా," అంది. ఆ తర్వాత గుడ్ల కోసం తనే వచ్చేది.

మందలోంచి తెచ్చిన ఈ నాటు బాతులు తెల్లారేలోపు గుడ్లు పెడతాయి. పొద్దెక్కాక వదిలితే గూట్లోనే దొరుకుతాయి. ముందే వదిలితే దారంతా పెట్టుకుంటూ పోతాయి. ఈ పట్టింపులన్నీ ఆయనవే. సాయంత్రం పొలం నుంచి లోపలికి పిలిచేదీ ఆయనే. మొదట్లో "దా, దా" అని పిలిచేవారు. ఒక సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉండగా ఆ పిలుపు సాగి, సాగి, గోవింద నామమైంది. ఒక పాదం ఎత్తారు. ఆగారు. బాతులన్నీ అరిచాయి. మళ్లీ ఎత్తారు. నేను పొంగుతున్న పాలను దించకుండా నిలబడ్డాను. కంటపడితే ఆయన ఆపేస్తారేమో.

సంతోషమే. కాని దాని వెనకే ఇంకొకటి వచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. ఆ పాదానికి బదులివ్వవలసింది నేను. ఆయన చెవికి అందుతున్నది బాతులు.

మణిలా బాతు ఒకటి పొదుగుకు కూర్చున్నప్పుడు నాటు బాతుల గుడ్లు దాని కింద పెట్టాను. తన రొమ్ము ఈకలు తనే పీకి పరిచింది. మేతకు తప్ప లేవలేదు, ఒక్క మాట లేదు. పిల్లలు లేచిన రోజు ఆయన నన్ను కేకేసి చూపించారు. చేతిలోకి ఒకదాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు.

"అరస్తా ఉండాదా?"

తలూపాను. సన్నగా, ఆగకుండా అరుస్తోంది.

"నాకు ఇనపడలా. గొంతు ముదిరేదాకా ఆగాల," అన్నారు. పిల్ల గొంతు ముదురుతుంది. ఆగితే సరిపోతుంది. నేను వంటింట్లోకి వచ్చేశాను.

ఊళ్లో సంగతి పాకింది. గోష్ఠి పెద్దాయన శనివారం అందరి ముందూ నవ్వుతూ అడిగారు. "వాడు బాతులకు భజన నేర్పిస్తా ఉండాడంట గదమ్మా. నేర్సుకున్నాయా?"

"నేర్సుకున్నాయి స్వామీ," అన్నాను. "తాళం తప్పితే ఎగతాళి సెయ్యవు."

హారతి అయ్యాక పెద్దాయన ప్రసాదం రెండు పొట్లాలు కట్టి ఇచ్చారు.

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున గోష్ఠి నామం చెప్పుకుంటూ వీధులు తిరుగుతుంది. ఆడవాళ్ల వరుసలో చివరిదాన్ని నేను. మా వీధిలోకి మలుపు తిరగ్గానే తాళాలకు బాతులు లేచి అందుకున్నాయి. ఇంటి ముందుకు వచ్చేసరికి తలకు తువ్వాలు చుట్టుకుని ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మా తాళాలు ఆయనకు వినపడవు. బాతులు లేచాయి కాబట్టి గోష్ఠి వచ్చిందని తెలుసుకున్నారు.

పెద్దాయన తాళం ఆపారు. అందరూ ఆపారు. పాదం ఎత్తకుండా ఆయన వైపు చూస్తూ నిలబడ్డారు, నీదే అన్నట్టు. ఆయన చేతులు జోడించారు. పెదవులు కదిలినట్టే ఉన్నాయి, దివిటీ వెలుగులో సరిగా తెలియలేదు. పెద్దాయన కాసేపు చూసి, తల వంచి, తనే పాదం ఎత్తి కదిలారు.

వీధి చివరిది మా ఇల్లే. దాని పక్క నుంచి పొలం గట్టున మందిరానికి అడ్డదారి. గోష్ఠి ఆ దారి పట్టింది. నేను గట్టు మీద అడుగుపెట్టాను. అప్పుడు వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. గోష్ఠి ఈలోగా తర్వాతి నామంలోకి వెళ్లిపోయింది. ఆయన ఎత్తింది మా గేటు ముందు పెద్దాయన తన కోసం ఆపిన పాదం.

నా ముందున్నవాళ్లు వినలేదు, తాళాల్లో పడి సాగిపోయారు. నేను ఆగాను. ఎత్తిన పాదాన్ని అందుకోకుండా వదిలేయడం మా గోష్ఠిలో తప్పు. గట్టు మీద ఒక్కదాన్నే నిలబడి, ఇంటి వైపు తిరిగి, నాకున్న ఆ సన్నని గొంతుతోనే అందుకున్నాను. ఆయనకు అందదని తెలుసు.

బదులు ముగిసేటంతసేపూ ఆయన ఆగారు. నేను ముగించాక, రెండో పాదం ఎత్తారు.