డబుల్ బేస్ మీద దుప్పటి

నాకు ఇష్టమైన డబుల్ బేస్ వాద్యకారులు ముగ్గురు. ఇద్దరి పేర్లు నాకు తెలియవు. మూడో ఆయన్ను గోదావరిఖనిలో చాలామంది ఎరుగుదురు. ఆయన్ను ఏడు ఆదివారాలు వాయించకుండా చేసింది నేనే.

డబుల్ బేస్ చూడనివాళ్ల కోసం చెప్తాను. వయొలిన్ మనిషిని మించిన ఎత్తు పెరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పక్కన నిలబడి, ఒంటికి ఆనించుకొని వాయిస్తారు. నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. వేలితో మీటితే చెవి కంటే ముందు రొమ్ముకు తెలుస్తుంది.

మొదటి ఆయన ఒక పాత సినిమా పాటలో ఉన్నాడు. మా అమ్మ రేడియోలో విని వంట చేసుకుంటూ పాడుకునే పాట అది. నేను నలభై ఏళ్లు ఆ పాట విన్నాను, ఆయన్ను వినలేదు. గాయని పేరు తెలుసు, రాసినవాడి పేరు తెలుసు, తెర మీద పెదవులు కదిపినామె పేరు ఊరంతటికీ తెలుసు. పాట అడుగున తొందరపడకుండా, తడబడకుండా నడుచుకుంటూ పోతున్న మనిషి ఒకడున్నాడని ఎవరూ చెప్పలేదు. బరువు మోసేవాడి పేరు రాయకపోవడం మన దేశంలో కొత్త సంగతి కాదు. గుళ్లకు, ఆనకట్టలకు, సినిమా పాటలకు అన్నింటికీ అదే పద్ధతి.

రెండో ఆమె ఎవరో పరాయి దేశపు స్త్రీ. ఇంటర్నెట్టులో ఒక వీడియోలో కనిపిస్తుంది. ముగ్గురే వాయిస్తుంటారు. పియానో ఆయన గొప్పలు పోతున్నప్పుడు ఆమె ఒక స్వరం మీటి చేయి తీసేసి, తర్వాతి స్వరం రావలసిన చోట ఏమీ వాయించదు. ఆ ఖాళీలో పియానో ఆయన సిగ్గుపడి నెమ్మదిస్తాడు. ఒక్క మాట అనకుండా మనిషిని దారికి తేవడం ఆమె దగ్గర చూశాను. నోరే ఆస్తిగా బతికినవాడిని కాబట్టి ఆ విద్య నాకు అసూయ పుట్టిస్తుంది.

ఈ ఇద్దరినీ వినడం నేర్పింది మూడో ఆయన. అందరూ సర్దారన్న అంటారు. బొగ్గు బావిలో సర్దారు అంటే షిఫ్టు మనుషుల కంటే ముందు పని చోటుకు పోయి పైకప్పు చూసేవాడు. నేను అదే బావి ఆఫీసులో గుమాస్తాను. ఒకసారి ఏదో కాగితం పని మీద కిందికి దిగినప్పుడు ఆయన పని చూశాను. ఎడమ చేతి వేళ్లు కప్పుకు ఆనించాడు. కుడి చేతిలోని కర్రతో ఒక్క దెబ్బ తట్టి ఆగాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిపోయి డొల్లగా ఉన్న కప్పు బొద్దుమంటుంది. చెవి మోసపోయినా వేళ్లు మోసపోకుండా అదురు చూసుకోవాలి. ఆయన నాలుగు చోట్ల తట్టి, నాలుగుసార్లు ఆగి, వెనక్కి తిరిగి ఒక కేక వేశాడు.

"కప్పు గట్టిదే, రాండ్రి!"

అప్పుడు గానీ మనుషులు కదలలేదు. ఆయన ముప్పై ఏళ్లు ఆ కేక వేశాడు. ఆయన మాట నమ్మి కప్పు కిందికి పోయినవాళ్లు ఇంటికి తిరిగి వచ్చారు.

సర్దారన్నది తండ్రి నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. సికింద్రాబాదులో ఏదో పాత బ్యాండు మూతపడితే వాళ్ల డబుల్ బేసును రైల్లో రామగుండం స్టేషనుకు తెచ్చాడట. గోనె పట్టాలు చుట్టిన ఆ పెట్టెను దించుతుంటే హమాలీ "ఎవరు సచ్చిండ్రే అన్నా?" అని టోపీ తీశాడట. అప్పటి నుంచి అది వాళ్ల చర్చిలోనే ఉంది. చర్చి పక్క సందులోని హోటల్లో ప్రతి ఆదివారం నేను చాయ్ తాగేవాణ్ని. ప్రార్థన అయ్యాక ఆయనా వచ్చేవాడు. దేవుడు లేడని నేను, ఉన్నాడని ఆయన. ఇద్దరం ఓడిపోకుండా ఇరవై ఏళ్లు గడిపాం.

ఒకరోజు మా అమ్మ పాట ఫోన్లో పెట్టాను. ఆయన చెవి దగ్గరికి తెచ్చుకుని మొహం చిట్లించాడు.

"గా కింది మనిషేడి?"

"ఏ మనిషన్నా?"

జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి నా చెవుల్లో ఆయనే పెట్టాడు. పాట అడుగున నడిచే మనిషి అప్పుడు వినిపించాడు. నలభై ఏళ్ల పాట ఆ పూట కొత్తగా మొదలైంది.

"చూసినవా తమ్మీ! నీ ఫోన్ల వినబడకుంటే లేనట్టేనా?" అన్నాడు చాయ్ గ్లాసు ఎత్తి.

"మంచి సామాను పెడితే వినబడ్డడు కదన్నా. మరి మీ దేవునికి ఏ ఇయర్‌ఫోన్ పెట్టాలె?"

"నీ నోట్లె మన్నువడ!" అని చాయ్ ఒలికేదాకా నవ్వాడు.

మంచి వాయింపు ఏదో ఆ బెంచీ మీదనే నాకు తెలిసింది. వేళ్లు ఎంత వేగంగా పరిగెత్తితే అంత గొప్ప అనుకునేవాణ్ని. ఆయన ఒప్పుకోలేదు. "కొట్టుడు అందరికొస్తది. కొట్టినంక ఆగుడే రాదు. ఆగకుంటే నువ్వేం కొట్టినవో నీకే తెల్వది," అనేవాడు. చర్చిలో పాడేవాళ్లు చాలామంది శ్రుతిలో ఉండరు. ఆయన వాళ్ల కింద ఒక స్వరం పరిచేవాడు. పాట జారుతున్నదని తెలియగానే గట్టిగా కాకుండా, ఇంకాస్త నిదానంగా మీటేవాడు. వాళ్లు తెలియకుండానే దాని మీదికి వచ్చి నిలబడేవాళ్లు. నేను బయట గోడకు ఆనుకొని వినేవాణ్ని. ఆ గోడ కూడా సన్నగా అదిరేది.

ఇక నేను చేసిన పని. మా పక్క జైపూర్ దారిలో ఒక స్వస్థత సభ జరిగింది. ఎక్కడి నుంచో వచ్చిన బోధకుడు లారీడు స్పీకర్లు పెట్టి, జనాన్ని ఊపి, మందులు మానేయమన్నాడు. కమాన్‌పూర్‌లో నాకు తెలిసిన ఒక రైతు బీపీ మాత్రలు పొలం బావిలో పడేశాడు. వారం తిరగకముందే కాలూ చేయీ పడిపోయి దవాఖానలో పడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. మనిషి భయాన్ని పెట్టుబడిగా పెట్టి బతికేవాడు విభూతి ఇచ్చినా, నూనె పూసినా, తాయెత్తు కట్టినా నా శత్రువే.

మేం హేతువాద మిత్రులం మా హాల్లో సభ పెట్టాం. ఒక గిన్నె మీద బెలూను రబ్బరు బిగించి, దాని మీద ఉప్పు చల్లి, స్పీకరులో బరువైన స్వరం వినిపించాను. గిన్నెను ఎవరూ ముట్టుకోలేదు. ఉప్పు మాత్రం గంతులు వేసింది. "మీ రొమ్ము కూడా ఇలాంటి రబ్బరే. కింది స్వరం తగిలితే వణుకుతుంది. మిమ్మల్ని తాకింది ఏ ఆత్మా కాదు, గాలి," అన్నాను. ఇంతవరకు ప్రతి అక్షరం నిజం. చప్పట్లు మోగాయి. చప్పట్లు మోగినప్పుడు వక్త నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు.

"మన ఊరి చర్చిలోనూ ఉంది కదా ఒక పెద్ద పెట్టె! వాయించేవాడికి ఈ గుట్టు బాగా తెలుసు!" అన్నాను.

ఎవరో వీడియో తీశారు. రెండు రోజుల్లో అది ఊళ్లోని ప్రతి ఫోనులోకీ చేరింది. ఆ ఆదివారం చర్చి గోడ అదరలేదు. సర్దారన్న చాయ్‌కి రాలేదు. కిటికీలోంచి తొంగి చూస్తే డబుల్ బేస్ మూలన ఉంది, మీద గళ్ల దుప్పటి కప్పి ఉంది. తర్వాతి ఆదివారం కూడా అంతే.

నా అహంకారం నాలుగు వారాలు ఆగమంది. ఐదో వారం ఆయన క్వార్టరుకు పోయాను. వాకిట్లో చిక్కుడు తీగకు పురి కడుతున్నాడు. కూర్చోమనలేదు.

"అన్నా, నేను సైన్సు చెప్పిన. దాంట్ల తప్పేమున్నది?"

"సైన్సు నాకు తెల్వదా? ముప్పై ఏండ్లు వేళ్లతోని అదురు చూసిన. నీకంటే నాకే ఎక్వ తెలుసు."

"మరి కోపమెందుకు?"

ఆయన పురితాడు కింద పెట్టాడు. "మా చర్చిల ఒక అవ్వ ఉన్నది. ఎరుకేనా నీకు? పెనిమిటి బావిలనే పోయిండు. ఆదివారం వస్తది, నా పక్క బల్ల మీదనే కూసుంటది. నీ వీడియో చూసి నన్నడిగింది. 'బిడ్డా, నాకు గుండెల వచ్చే వణుకు నీ పెట్టెతోనేనా? అది నీకు ముందుగల్లనే ఎరుకనా?' అన్నది. నేనేం చెప్పాలె? ఎరుకనే. కానీ దాన్ని మోసమంటివి నువ్వు. సప్పుడుతోని నేను ఎవ్వరికన్న అబద్ధం చెప్పిన్నా? డొల్ల కప్పును గట్టి కప్పని ఒక్కనాడన్న అన్నన్నా? అట్లంటే మనుషులు చస్తురు తమ్మీ!"

ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను, రుజువు లేని మాట అనకూడదని ఎందరికో బుద్ధి చెప్పాను. ఈ మనిషి మోసగాడనడానికి నా దగ్గర ఏం రుజువుంది? ఏమీ లేదు. బోధకుడి మీది కోపాన్ని, చేతికందే దూరంలో ఉన్న పెద్దమనిషి మీద విసిరాను. చాడీ చెప్పేవాడు చేసేదీ ఇదే. నేను కాస్త మంచి తెలుగులో చేశాను.

"చర్చికొచ్చి అందరి ముందు తప్పని చెప్త అన్నా."

"చర్చిలెందుకు? నువ్వు ఆడ అన్లే. ఏడన్నవో ఆడ్నే చెప్పు." పురితాడు మళ్లీ అందుకున్నాడు. "నేనూ వస్త, పెట్టె తెస్త. నీ గిన్నె, నీ ఉప్పు పెట్టుకో. ముందుగల్ల గుట్టంత చెప్పు, తర్వాత నేను వాయిస్త. గుట్టు తెలిసినంక గుడ అవ్వకు నచ్చితే చర్చిల మల్ల వాయిస్త. నచ్చకుంటే దుప్పటి అట్లనే ఉంటది."

మా వాళ్లు ఒప్పుకోలేదు. "ఇయ్యాల నువ్వు క్షమాపణ చెప్తే రేపు బోధకులంత మన నెత్తినెక్కుతరు," అన్నాడు ఒక మిత్రుడు. తప్పు దిద్దుకోలేనివాడికి హేతువాదం ఎందుకు, ఒక మఠం పెట్టుకుంటే సరిపోతుంది అన్నాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సభకు మాత్రం వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ఏడో ఆదివారం మధ్యాహ్నం మా హాలు ముందు ట్రాలీ ఆటోలోంచి డబుల్ బేస్ దిగింది. వెనకే చర్చివాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. వాళ్లలో అవ్వ కూడా ఉంది, చిన్న మనిషి, చేతిలో కర్ర. వచ్చారు గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల గోడల నిండా దేవుడు లేడని మేం రాసుకున్న రాతలే. మావాళ్లు లోపల, వాళ్లు బయట. ఎవరూ రమ్మనలేదు.

సర్దారన్న ఒక్కడే లోపలికి వచ్చాడు. దుప్పటి తీసి కుర్చీ మీద వేశాడు. అలవాటు చొప్పున ఒకసారి పైకి, మా రేకుల కప్పు వైపు చూశాడు. లావు తీగను ఒక్కసారి మీటి, చేయి తీసి ఆగాడు. ఆ స్వరం బెంచీల కింది నుంచి వెళ్లి గుమ్మం దగ్గర అణిగింది. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"కప్పు గట్టిదే, రాండ్రి!"

చర్చివాళ్లలో సగం మంది బావిలో పని చేసినవాళ్లే. నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. మావాళ్లు జరిగి చోటిచ్చారు.

నేను నిలబడి చెప్పాను. ఉప్పు ఎందుకు ఎగురుతుందో చెప్పాను. ఆ బోధకుడు మందులు మాన్పించడం నేరమని మళ్లీ చెప్పాను, అందులో ఒక్క మాట తగ్గించలేదు. సర్దారన్న మీద నేనన్న మాటకు నా దగ్గర రుజువు లేదని, అది అపవాదని, క్షమించమని చెప్పాను. చప్పట్లు మోగలేదు. ఈసారి నోరు మూసుకున్నాను.

ఆయన గిన్నె పక్కన నిలబడి మీటాడు. ఉప్పు ఎగిరింది. స్పీకరుతో కంటే ఎక్కువే ఎగిరింది. తర్వాత అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, ఆనాడు నువ్వడిగినవు. నీకొచ్చే వణుకు ఈ పెట్టెదే. నాకు ఎరుకనే. నిన్ను మోసం చేస్తందుకు మాత్రం వాయించలే."

అవ్వ లేచి వచ్చి, ముడతల అరచేయి ఆ పెట్టె వీపుకు ఆనించింది. "వాయించు," అంది.

ఆయన ఒక నెమ్మది పాట ఎత్తుకున్నాడు. మాటలు లేవు, కింది స్వరాలే. అవ్వ కళ్లు మూసుకుంది. మా మిత్రుడు చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు గానీ, ఆయన మడమ నేల మీద తాళం వేస్తోంది. నా రొమ్ములో ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో పావుగంట కింద నేనే వివరించాను. వివరణ వల్ల అది రవ్వంత కూడా తగ్గలేదు.

పాట ఆగాక అవ్వ నా వైపు చూసింది.

"నీకూ వచ్చిందా బిడ్డా, వణుకు?"

"వచ్చింది అవ్వా."

"ఎందుకొచ్చిందో ఎరుకనా?"

"ఎరుకే."

"ఆనాడు అడిగిన గని, నాకు పెట్టెదని ముందే ఎరుక. మీటంగ సూత్తనే ఉంటి గద, పక్కకే కూసుంట. వీడు నన్ను మోసం చేసిండేమోననే ఫికరైంది." చేయి పెట్టె మీది నుంచి తీయకుండానే సర్దారన్నతో అంది. "చెయ్యలే గద. ఆదివారం మా పాట గుడ ఆగమాగం అయితుంది, జల్ది రా."

అందరూ కలిసి బేసును ఆటోలోకి ఎక్కించారు. నేనూ ఒక చేయి వేయబోతే సర్దారన్న అడ్డం వచ్చాడు. కుర్చీ మీది గళ్ల దుప్పటి తెచ్చి నా భుజం మీద పడేశాడు.

"కప్పిచ్చింది నువ్వు, మొయ్యి," అన్నాడు.

ఆటో ముందు, నేను వెనక. చర్చి దాకా ఆ దుప్పటి మోసుకుంటూ నడిచాను.