వాగు దాటిన పొలి

మొన్న మా పొలాల మీద డ్రోను తిప్పారు. భూములన్నీ మళ్లీ కొలుస్తున్నారట. అది గద్ద అనుకుని మా కోళ్లు గంప కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. కొలతల కోసం వచ్చిన సర్వే అమ్మాయి ఎండకి తట్టుకోలేక మా అరుగు మీద కూర్చుంది. మజ్జిగ తాగుతూ వాగు అవతల ఉన్న మొండిగోడ చూపించి, "ఆ దొడ్డి ఏ ఊరి కిందికి వస్తుందమ్మా?" అని అడిగింది. అవతలి మండలం కిందికి వస్తుందని చెప్పాను. చేతిలోని ట్యాబులో ఏదో నొక్కుకుని, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయింది. నేను చెప్పింది అబద్ధం కాదు. పట్టాదారు పాసుపుస్తకంలో అలాగే ఉంటుంది. అయినా ఆ పూటంతా నాకు మనసు మనసులో లేదు. అసలు సంగతి చెప్పకుండా పంపేసినట్టు అనిపించింది. అందుకే రాస్తున్నాను. రాయడం నాకు అలవాటు లేదు. వెనకది ముందుకు వస్తే మీరే సర్దుకోండి.

నేను చదివింది ఐదో తరగతి. జిల్లా, తాలూకా, గ్రామం అని బళ్లో వల్లె వేయించారు. మధ్యలో ఫిర్కా అని ఇంకొకటి ఉంటుందని మా నాయన చెప్పాడు. ఆర్‌ఐ గారు సైకిలు మీద ఎంత దూరం తిరగగలిగితే అంత ఫిర్కా అని ఆయన లెక్క. మా పుట్టిల్లు కావలి తాలూకాలోనే ఇంకో ఫిర్కాలో ఉంది. నన్ను అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ ఏడుస్తుంటే, "తాలూకా దాటించలేదు గదమే, ఏడుస్తావెందుకు" అని మా నాయన ఓదార్చాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. నేను ఉన్నచోటే ఉన్నాను, మా అమ్మా ఉన్నచోటే ఉంది, కానీ ఇద్దరం వేరువేరు మండలాల వాళ్లమైపోయాం. మా నాయన దాన్ని చాలా రోజులు అవమానంగా పెట్టుకున్నాడు. పేర్లు మాత్రం కాగితాల మీదే మారాయి. రైతుల నోట్లో ఏ ముక్కకి ఆ ముక్కకి ఉన్న పేరు అలాగే ఉంది. గుర్రం చేను, ఉప్పు కయ్యలు, పడవ దిబ్బ. పడవ దిబ్బ మీద పడవ ఎవరూ చూడలేదు. సముద్రం అక్కడికి రెండు మైళ్లుంటుంది. అయినా ఇప్పటికీ ఆ చేలో కలుపు తీయడానికి పోయేవాళ్లు పడవ దిబ్బకి పోతున్నామనే అంటారు.

మండలాలు విడదీసినప్పుడు మా ఊరికి తూర్పున ఉన్న వాగుని హద్దు పెట్టారు. వాగుకి ఇవతల ఊరంతా ఒక మండలం, అవతల మరో మండలం. అవతల మా వాళ్ల ఇల్లు ఒకే ఒక్కటి ఉండేది. ఇప్పుడు మొండిగోడగా మిగిలిన ఆ ఇల్లు మా పెద్దత్తది. మా మామగారి అన్న భార్య ఆవిడ. పెద్దమామ పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆవిడకి మిగిలింది ఎనిమిదేళ్ల ఆడపిల్ల, రెండు పాడి ఎనుములు, సరుగుడు తోట పక్కన కాస్త చేను. ఆ పిల్ల నాకు ఆడబిడ్డ అవుతుంది. నేను వాగు దాటి పోతే చాలు, "వదినా, నాకేం తెచ్చినావు?" అని కొంగు పట్టుకునేది. ఏమీ తేలేదంటే కొంగు ముడి విప్పి చూసి గానీ నమ్మేది కాదు.

మా ఊరి జాతర గురించి ఇక్కడ చెప్పాలి. అమ్మవారి జాతరలో చివరి రోజు ఊరి చుట్టూ పొలి చల్లుతారు. అన్నంలో పసుపూ కుంకుమా వేపాకూ కలిపి గంపకెత్తుకుని, పొలిమేర వెంబడి నడుస్తూ పిడికెడు పిడికెడు చల్లుకుంటూ పోతారు. ఆ గంప ఎత్తేది మా మామగారి వంశం వాళ్లే. పొలి ఎంత మేర తిరిగితే అంత మేర ఊరిని అమ్మవారు కాస్తుంది. రోగం ఆ గీత దాటి లోపలికి రాదు. గంప ఎత్తినవాడు తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేదాకా నోరు విప్పకూడదు. వెనక నడిచే మగవాళ్లు "ఓ పొలీ" అని కేక వేయాలి తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. వరస తెగకూడదు. తెగితే ఆ ఏడాది జాతర చెడినట్టే. ఇంకొకటి, ఒకసారి పొలి నడిచిన దారి మరుసటి ఏడాది మార్చకూడదు. పొలి తిరిగేటప్పుడు ఊరు బయట ఉన్నవాళ్లు తెల్లారేదాకా లోపలికి రాకూడదు. పెద్దమామ ఉన్నన్నాళ్లూ ఆయనే గంప ఎత్తాడు. వాగు దాటి, తన ఇంటి వెనగ్గా తిరిగి, మళ్లీ వాగు దాటి ఊళ్లోకి వచ్చేవాడు.

ఆ ఏడాది గంప మా మామగారికి వచ్చింది. జాతరకి ముందు రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టారు. ఊరి పెద్దాయన, ఆయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు, లేచి చెప్పాడంట. "గవర్నమెంటోళ్లు వాగుకాడ గీత గీసినారు. వాగవతల మన ఊరు గాదబ్బా ఇంక. పరాయి ఊరి నేల మీద పొలి జల్లితే, మన రోగం తెచ్చి వాళ్ల నెత్తిన పోసినామని గొడవకొస్తారు. రేపు తలకాయలు పగిలితే ఎవురు పోతారు స్టేషన్‌కి? పొలి వాగుకాడే మళ్లాల." ఆయన మాట పూర్తిగా కాదనడానికి లేదు. అవతలి ఊరితో చేపల మడుగు గురించి అప్పటికే ఒక తగాదా ఉంది. అందరూ మా మామగారి వైపు చూశారు. ఆయన, "అట్నే" అన్నాడు.

మా మామగారి నోట్లో ఆ ఒక్క మాటే ఉండేది. ఎవరు ఏమన్నా అట్నే అనేవాడు. మా అత్త దీని మీద చెప్పని రోజు లేదు. "పెళ్లిచూపుల్లో మా నాయన ఏమడిగినా అట్నే అన్నాడు. ఎకరాలెన్ని ఉండాయంటే గూడా అట్నే అన్నాడు. యాడ ఉండాయో, ఎన్ని ఉండాయో కాపరానికొచ్చినాక గానీ నాకు తెలవలా."

జాతర వారం ఉందనగా పెద్దత్త కూతురికి తట్టు పోసింది. ఒళ్లంతా ఎర్రగా, కళ్లు తెరవలేనంత జ్వరం. పెద్దత్త వాగు దాటి మా ఇంటికి వచ్చింది. ఇంట్లోకి రాలేదు. బిడ్డకి అమ్మవారు పోసి ఉన్నప్పుడు తల్లి ఇంకో ఇంటి గడప తొక్కదు. వాకిట్లో వేపచెట్టు పట్టుకుని నిలబడి మా మామగారిని పిలిచింది.

"ఏమబ్బాయా, మీ అన్న ఇన్నేండ్లు గంప ఎత్తింది నా గడపలోనించే గదా. ఇప్పుడు నా గడపే ఊరి బయట అంట?"

మా మామగారు తల వంచుకుని తువ్వాలు మడతలు పెడుతున్నాడు.

"అవతలి ఊరి పొలి ఉప్పు కయ్యలకాడే మళ్లిపోతది. వాళ్లకి నేనెవురో తెలీదు. మీ పొలి వాగుకాడ మళ్లిపోతే, మధ్యలో నేనూ నా బిడ్డా యాడ ఉన్నట్టు? చెప్పు. గవర్నమెంటు లెక్కలో నేను ఏ మండలమైనా గానీ. అమ్మ లెక్కలో నేనేం ఊరు?"

"అట్నే వదినా" అన్నాడాయన.

"ఏంది అట్నే?"

అప్పటికే ఆయన పశువుల కొట్టంలోకి పోయాడు. పెద్దత్త నా వైపు చూసి, "మీ మామకి ఇంకో మాట నేర్పించండి మే" అంది. నవ్వుతూ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

జాతర చివరి రోజు పొద్దున మా అత్త నాకు గంజీ, వేపమండలూ ఇచ్చి పెద్దత్త ఇంటికి పంపింది. "పొలి బయల్దేరే లోపల వాగు దాటి వచ్చేయ్. లేదంటే రేప్పొద్దున దాకా ఆడే పడి ఉండాల" అని మరీ మరీ చెప్పింది. నేను రావాల్సిన వేళకి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని పడుకుంది. విడిపించుకుంటే లేస్తుందేమోనని కూర్చున్నాను. కాసేపట్లో ఊళ్లో డప్పు మోగింది. కొత్త కోడల్ని, ఊరు బయట చిక్కిపోయాను. పెద్దత్త మాత్రం, "పోనీలే, నాకు తోడుంటావు" అంది.

ఆడవాళ్లు పొలికి ఎదురు పడకూడదు. ఇద్దరం తాటాకు దడి సందులోంచి చూస్తున్నాం. అప్పుడు సముద్రం పోటు మీద ఉంది. వాగు నడుము లోతున నిండి ఉంది. ముందు గంప నెత్తిన పెట్టుకుని మా మామగారు, వెనక డప్పులు, ఆ వెనక ఊరి మగవాళ్లు, అందరికంటే వెనక వేపకొమ్మ పట్టుకుని పెద్దాయన. వరస మూసేది ఆయనే. వాగు ఒడ్డుకి వచ్చి మా మామగారు ఆగాడు. వెనకవాళ్లు అప్పటికే ఎడమ చేతి వైపుకి తిరగబోతున్నారు. పెద్దత్త దడి పట్టుకుంది. తాటాకు కోసుకుని ఆవిడ వేలు నెత్తురు కారుతుంటే నేను చూశాను, ఆవిడ చూడలేదు.

మా మామగారు వాగులోకి దిగాడు.

వెనకవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అడ్డం చెప్పాలంటే నోరు విప్పాలి. విప్పకూడదు. ఆగిపోతే వరస తెగుతుంది. తెగకూడదు. డప్పుల వాళ్లు డప్పులు నెత్తి మీదికి ఎత్తుకుని దిగారు. చివరికి పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగక తప్పలేదు. ఆయనకి ఉన్న కోపం అంతా ఆ ఒక్క కేకలోనే చెప్పుకోవాల్సి వచ్చింది. "పొలీ!" అని గద్దించాడు, ఒరే ఆగరా అన్నట్టు. మా మామగారు వెనక్కి చూడలేదు. "ఓ పొలీ! పొలీ!" అని ఇంకా గట్టిగా అరిచాడు, నీ అంతు చూస్తా అన్నట్టు. నీళ్లలో కాలు జారి నోట్లోకి నీళ్లు పోతే దగ్గుతూ కూడా పొలీ అన్నాడు. అంతమంది గొంతుల్లో ఆయన తిట్లు ఒక్కటొక్కటే మాకు వినిపించాయి. పెద్దమామ పోయాక పెద్దత్త నవ్వగా చూసింది నేను అప్పుడే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వింది. ఇంటి వెనక నించి అడుగుల చప్పుడు, మెతుకులు దడి మీద పడ్డ చప్పుడు వినబడ్డాయి. తర్వాత మళ్లీ నీళ్ల చప్పుడు. నేను కూడా ఊరి లోపలే ఉన్నానని కాసేపటికి గానీ నాకు తట్టలేదు.

మరుసటి రోజు పెద్దాయన మా వాకిట్లో నిలబడి అననిది లేదు. "పంచాయితీలో అట్నే అన్నావు గదరా!" అంటే మా మామగారు, "వదినతో గూడా అన్నాను గదన్నా" అన్నాడు. ఆయన అంత పెద్ద మాట మాట్లాడగా అదే వినడం. అవతలి ఊరి వాళ్లు గొడవకి రాలేదు. నడిచిన దారి మార్చకూడదు కాబట్టి తర్వాత ఏటేటా పొలి అలాగే తిరిగింది. మా మామగారి మోకాళ్లు పోయాక మా ఆయన గంప ఎత్తుకున్నాడు.

ఇదంతా మా ఊళ్లో నవ్వుకుంటూ చెప్పుకునే కథే. పెద్దాయన వాగులో మింగిన నీళ్ల గురించి ఎన్ని రకాలుగా చెప్పుకున్నారో. నేను రాయాలనుకున్నది దాని తర్వాత జరిగింది.

ఆ పిల్లకి తట్టు తగ్గింది. మచ్చలు నల్లబడ్డాయి, తలకి నీళ్లు పోశారు. తర్వాత దగ్గు పట్టుకుంది. ఊపిరి ఆడలేదు. కావలి ఆసుపత్రికి తీసుకుపోయారు, వాళ్లు చేయగలిగింది చేశారు. ఇంటికి తెచ్చాక ఒక తెల్లవారుజామున నా ఒళ్లోనే పోయింది. పెద్దత్త అన్నదమ్ములు బిట్రగుంటలో రైలు దిగి రావాలి. వాళ్లు వచ్చేదాకా ఎత్తకూడదని పిల్లని వాకిట్లో చాప మీద పడుకోబెట్టాం. మేం కాక ఇంక ఎవరు వస్తారులే అనుకున్నాను నేను.

మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పొలిమేర లోపల ఎవరు పోయినా, శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజేయరు. పసిపిల్లలకి పాలు కాచాలన్నా పొరుగూరికి పోవాల్సిందే. ఆ రోజే పెద్దాయన కూతురికి నిశ్చయ తాంబూలాలు. వియ్యాలవారు బండ్లు కట్టుకుని దిగి ఉన్నారు. ఆయన భార్య తర్వాత నాతో చెప్పింది, "వాగవతల గదా, మనకి లెక్క లేదు గదా, పొయ్యి రాజేసేదా అని అడిగినా మే. ఆయనేమో, 'పొలి ఆ ఇంటెనక తిరిగింది, నేను గూడా తిరిగినా గదా' అన్నాడు. తనే లేచి పొయ్యిలో నీళ్లు జల్లినాడు." వియ్యాలవారికి అరటిపళ్లూ మజ్జిగా ఇచ్చి, తాంబూలాలు ఇంకో రోజుకి పెట్టుకుందామని పంపేశారు. పంపేసి ఆయన వాగు దాటి వచ్చి, మా మామగారి పక్కన నేల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం అయింది. పెద్దత్త అప్పటిదాకా ఏడవలేదు. బిడ్డ కాళ్ల దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఒకసారి లేచి దడి దగ్గరికి పోయి ఊరి వైపు చూసింది. పడిపోతుందేమోనని నేను వెనకే పోయాను. వంట వేళ, అయినా ఊళ్లో అన్ని ఇళ్ల కప్పుల మీద ఒక్క పొగ లేదు. ఆకాశం కడిగినట్టు ఉంది.

"చూడు మే" అంది పెద్దత్త, "ఎవురింట్లోనూ రాజేయలా. నా బిడ్డ ఊళ్లోనే పోయింది." అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు పెద్దత్త లేదు, మా మామగారు లేడు, పెద్దాయన లేడు. ఇళ్లలో గ్యాసు పొయ్యిలు వచ్చాయి, ఎవరు వండుకున్నారో ఎవరు మానుకున్నారో కప్పు చూసి చెప్పలేం. ఇన్నేళ్లు గడిచాయి కదా అని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదు.