చెప్పుల లైను, ర్యాంకు కార్డు

ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌లో నాకు వచ్చిన ర్యాంకు ఎంతో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అడిగితే రాలేదన్నాను. వచ్చింది. ముప్పై ఆరు వేల చిల్లర. ఆ అంకె చూసి, ఇంత వెనకున్న వాళ్లకు ఏం మిగులుతుందిలే అనుకున్నాను. ఎవరినైనా అడగడానికి సిగ్గుపడ్డాను. కౌన్సెలింగ్ తేదీలు దాటిపోయాయి. డైరీలో కూడా ఆ రోజు వాన పడిందని మాత్రమే రాసుకున్నాను.

తరవాత దూరవిద్యలో డిగ్రీ చదివాను. ఇప్పుడు మెదక్ బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఫలితాలు వచ్చే రోజుల్లో ర్యాంకు కార్డులు ప్రింటు తీయడమే పని. చాలామంది పిల్లల ర్యాంకు వాళ్లకన్నా ముందు నేనే చూస్తాను. ముఖంలో ఏమీ కనబడనీయకుండా కాగితం చేతికివ్వడం అలవాటైంది. జనం లేనప్పుడు బల్ల సొరుగు సగం లాగి, అందులో పుస్తకం పెట్టుకుని చదువుతాను. షాపు ఓనరు భాయ్ వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "మా దగ్గర రెండు మిషన్లున్నయి. ఒకటి చప్పుడు చేస్తది, ఒకటి చెయ్యది" అంటాడు.

పోయిన ఏడాది, కౌన్సెలింగ్‌కు స్లాట్ బుక్ చేసుకునే ఆఖరి రోజు, మధ్యాహ్నం దాటాక కుల్చారం నుంచి ఒక రైతు, ఆయన బిడ్డ వచ్చారు. వచ్చింది స్లాట్ కోసం కాదు. డిగ్రీ కాలేజీలో ఇవ్వడానికి మెమోల జిరాక్సుల కోసం. అమ్మాయి ఇచ్చిన కాగితాల మధ్య ఎంట్రన్స్ ర్యాంకు కార్డు కూడా ఉంది. నలభై ఒక్క వేల చిల్లర.

"ఇది గూడ తియ్యాల్నా?" అని అడిగాను.

"వద్దు. గది దండుగ" అన్నాడు తండ్రి.

అమ్మాయి ఆ కార్డును వెనక్కి తీసుకోలేదు. బల్ల మీదే ఉంచి, మూలలు సరిచేసింది.

"కీ పెట్టి చూసుకుంటే అరవై మూడు మార్కులొచ్చినయి. గిండ్ల అరవై గూడ లేవు" అంది, ఎవరితోనూ కాకుండా.

"వడ్ల కాంట కాడ సంచికింత అని కోస్తరు గదా. గీడ గూడ తరుగు తీసిండ్రు" అన్నాడు తండ్రి. భాయ్ నవ్వాడు.

తరుగు కాదు. ఆ పరీక్ష ఒక్కో పూట ఒక్కో పేపరుతో జరుగుతుంది. సులువు పేపరు వచ్చిన పూట మార్కులు కొంచెం తగ్గిస్తారు, కష్టం పేపరు వచ్చిన పూట కొంచెం కలుపుతారు. ఇది నాకు తెలుసు. చెప్పలేదు. జిరాక్సులు తీస్తున్నాను.

"ర్యాంకొచ్చింది గద పటేలా, మరి డిగ్రీ ఎందుకు?" భాయ్ అడిగాడు.

"ఏం ర్యాంకు భాయ్! పోయిన యాసంగిల యూరియా కోసం పొద్దుగాలనే పోయి లైన్ల చెప్పులు పెట్టిన. నా ముందల రెండొందల జతలున్నయి. నా కాడికొచ్చేసరికి స్టాకు ఖతం. రెండొందలకే గట్లయితే, నలభై ఒక్క వేల మంది ముందలుంటే మాకేం మిగుల్తది? ఉత్తగ పరేషాన్."

నేను ఒకప్పుడు అనుకున్నది కూడా ఇదే. ఆయనకు అలా అనుకోవడానికి కనీసం యూరియా లైను అనుభవం ఉంది. నాకు అదీ లేదు.

ఆ సాయంత్రం ఆరింటికి సైటు మూసేస్తారు. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. పోయినేడు ఏ కాలేజీలో, ఏ కోర్సుకు, ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూపే పట్టిక తెరిచి, కంప్యూటర్‌ను ఆయన వైపు తిప్పాను. అంతటితో సరిపోతుందనుకున్నాను. ఆయన తెర వంక చూసి, నా వంక చూశాడు. ఇక మాట్లాడక తప్పలేదు.

"ఇది చూడుండ్రి. ఇది ఆడపిల్లల గడి. ఇగో, ఈ కాలేజీల ఎలక్ట్రికల్‌కు ఆఖరి సీటు వచ్చిన ర్యాంకు మీ బిడ్డ ర్యాంకు కంటె ఎంతో ఎనక ఉన్నది."

"మరి ముందలోళ్లంతా ఏమయిండ్రు?"

"ముందలోళ్లందరికీ గదే సంచి గావాల్నని లేదు. కొందరు కంప్యూటరే గావాలంటరు. కొందరు పట్నం ఇడిచి రారు. కొందరు ఇంకో పరీక్ష రాసి అటే పోతరు. కొందరు అసలు లైనుకే రారు."

"లైనుకే రానోళ్లు గూడ ఉంటరా?"

"ఉంటరు."

ఆయన వేలితో ఆ గడుల వరుస వెంట కింది దాకా పోయి, మళ్లీ పైకి వచ్చాడు. "సీటొస్తదని రాసిస్తవా?"

"రాసియ్య. ఇది పోయినేటిది, ఈయేడు మారొచ్చు. పేరు పెట్టకపోతే మాత్రం రాదు."

"అరే, రెండో మిషన్ గూడ చప్పుడు చేసింది!" అన్నాడు భాయ్. నా చెవులు వేడెక్కాయి.

తండ్రి బిడ్డ వైపు తిరిగాడు. "నీకేం గావాల్నే?"

"ఎలక్ట్రికల్."

"బోరు మోటరు కాలినప్పుడల్లా మెదక్ మోసుకొస్తున్నమని, గందుకా?"

"గందుకు కాదు." కార్డు మూల మళ్లీ సరిచేసింది. "గందుకు గూడ."

సైటు రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఓటీపీ ఆయన చిన్న ఫోనుకు వచ్చింది. ఒక్కో అంకెనూ బస్సులో కేక వేసినంత గట్టిగా చదివాడు. అయిదింటికి ముందే స్లాట్ కాగితం ప్రింటయింది. సర్టిఫికెట్లు చూపించే తేదీ మీద నేను పెన్నుతో గీత గీసిచ్చాను. అమ్మాయి దాన్ని ర్యాంకు కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. డిగ్రీ జిరాక్సులు తండ్రి చేతిలోనే ఉన్నాయి. సీటు వచ్చేదాకా అవీ ఉండనీ అన్నాడు.

అమ్మాయి ముందు బయటకు నడిచింది. ఆయన మెట్టు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగి, నన్ను చూశాడు.

"నీకు గింత తెలుసు గద బిడ్డా. మరి నీకెంతొచ్చింది ర్యాంకు?"