కంప్యూటర్ మోసే ఊయల

జూరాకాన్‌కు కోపం కొత్త కాదు. మా కోచ్‌కోర్ ఊరి బడిలో పదహారేళ్లుగా కంప్యూటర్ పాఠం చెబుతోంది. ఆ పదహారేళ్లూ కంప్యూటర్లు మోస్తూనే ఉంది. చలికాలంలో పొయ్యి వెలిగేది పై భవనంలో, అందుకే పాఠాలు అక్కడ. ప్రతి సోమవారం పరీక్షలు పెట్టేది కింది భవనంలో. ఐదు సీపీయూలు, ఐదు మానిటర్లు గడ్డకట్టిన మంచు మీద వాకిలి దాటాలి. బడి డైరెక్టర్ అసన్‌కుల్ కిటికీ దగ్గర టీ తాగుతూ, "జాగ్రత్తమ్మా, సర్కారు సొత్తు!" అని కేకేసేవాడు. ఆమె నడుము ఎవరి సొత్తో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

కిందటి శీతాకాలం ఆమె జారిపడితే ఒక మానిటర్ పగిలింది. మోచెయ్యి వాచినా అడిగే దిక్కు లేదు, మానిటర్‌కు మాత్రం సంజాయిషీ రాయమన్నారు. ఆ మంటతోనే ఇంటికెళ్లి, తన పిల్లల్ని పెంచిన చెక్క ఊయలను అటక మీంచి దించింది. పట్టుకుని ఎత్తడానికి పైన అడ్డకర్ర. బిడ్డ కదలకుండా కట్టే వెడల్పాటి పట్టీలు. బిడ్డ పక్క తడవకుండా అడుగున ఉచ్చగొట్టం పోయే కన్నం. ఇన్నేళ్లూ ఇది తట్టనందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

ఆమె తండ్రి ఊయలలు చేసినవాడే. ఆయన ఉలితోనే మూడు వారాలు కూర్చుని, పాతదాన్ని చూసి కొత్తది చేసింది. అడుగున దళసరి ఉన్ని పరిచింది. దాని మీద సీపీయూ, సీపీయూ మీద మానిటర్. పట్టీలు బిగిస్తే రెండూ కదలవు, మెదలవు. తీగలన్నీ ఆ కన్నంలోంచి కిందికి. పక్క క్లాసు టీచరు బర్మెత్ పడీపడీ నవ్వింది.

"అక్కా, నీ బిడ్డ పక్క తడిపితే కరెంటు కొడుతుందేమో!"

"తడపనీవే. డైరెక్టర్ చేత గుడ్డలు మార్పిస్తా."

కంప్యూటర్ దించేశాక అందులో ఒక నల్లరాయి పెట్టేది. ఖాళీ ఊయల ఊగితే పిల్లలకు కీడు. మా ఊళ్లో ఏ తల్లీ ఊగనివ్వదు.

జిల్లా ప్రదర్శనకు పంపుదాం, నీ పేరు రాయిస్తానంటూ డైరెక్టర్ దాన్ని పట్టుకుపోయాడు. తీరా ఆ రోజు హాల్లోకి వెళ్లి చూస్తే, అడ్డకర్ర మీద ఎర్రరంగుతో అతని పేరే ఉంది. రాయి బల్ల కింద పడి ఉంది. జూరాకాన్ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇదేంటండీ?"

"బడి పేరు కోసమమ్మా. నువ్వూ నేనూ వేరా?"

"మోసేటప్పుడు వేరేగా ఉన్నారు కదండీ!"

"అరవకు. పోయి వెనక కూర్చో."

డైరెక్టర్ వేదికెక్కాడు. "ఈ ఆలోచన నాకు టీ తాగుతుంటే తట్టింది. ఎంత తేలికో చూడండి!" అంటూ అడ్డకర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.

ముందు వరసలోని ముసలమ్మ లేచి నిలబడింది. "ఆపరా! ఖాళీ ఊయల ఊపుతావా? ఎవరి పిల్లల ఉసురు పోసుకుంటావు?"

అతనికి తెలియని సంగతేం కాదు. కానీ అతని కంటికి అది ఊయల కాదు, బహుమతి తెచ్చే పెట్టె. మొహం కందగడ్డయింది.

బహుమతులు నిర్ణయించే పెద్దావిడ పెన్ను కింద పెట్టింది. "ఇది నువ్వు చెయ్యలేదయ్యా. చేసినవాళ్లయితే ఇట్లా ఊపరు. ఎవరిదిది?"

జూరాకాన్ వేదికెక్కింది. చేతిలోని రాయితో ఎర్రపేరును బరబరా గీకేసింది. తరువాత రాయిని ఊయలలో పడుకోబెట్టి పట్టీ బిగించింది.

"నాది," అంది. "సోమవారం మోసేది మాత్రం ఈయన."